బోరు నీళ్లు, డైమండ్ బిల్లెట్లు: ఒక కాస్టర్ కేసు

కరిగిన ఉక్కును పొడవాటి చదరపు దిమ్మెలుగా, అంటే బిల్లెట్లుగా, పోతపోసే బిల్లెట్ కాస్టర్‌లో తేడా వస్తే అందరూ ముందు ఉక్కు వైపే చూస్తారు. నేనూ పదకొండు రోజులు అటే చూశాను. ఈ కేసు రాయడానికి కారణం ఆ పదకొండు రోజులే.

ప్లాంటు సంగతి

ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక పెద్ద ప్రైవేటు ఉక్కు ప్లాంటు. పేరు, ఊరు, సంవత్సరం రాయడం లేదు. ఎవరూ గుర్తుపట్టకుండా అంకెలు కొన్ని అటూ ఇటూ జరిపాను, లెక్క మాత్రం చెడగొట్టలేదు. స్పాంజ్ ఐరన్ కిల్న్‌లు, 20 టన్నుల ఇండక్షన్ ఫర్నేసులు మూడు, రెండు స్ట్రాండ్ల (పోత వరుసల) కాస్టర్, దాని వెనకే టీఎంటీ రోలింగ్ మిల్లు. రోజుకు ముప్పై పైచిలుకు హీట్లు (ఫర్నేస్‌లో ఒకసారి కరిగించిన ఉక్కు ఒక హీట్). బిల్లెట్ సైజు 100 మిల్లీమీటర్ల చదరం. బిల్లెట్ చల్లారకముందే నేరుగా మిల్లుకు పోతుంది, మధ్యలో మళ్లీ కాల్చే కొలిమి లేదు. డీజిల్, బొగ్గు ఖర్చు మిగులుతుంది కానీ, కాస్టర్‌లో ఏ చిన్న తప్పు జరిగినా పది నిమిషాల్లో మిల్లువాళ్లు ఫోన్ చేసి తిడతారు.

కాస్టర్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. కరిగిన ఉక్కు ల్యాడిల్ అనే పెద్ద బకెట్‌లోంచి టండిష్ అనే తొట్టిలోకి, అక్కడినుంచి సన్నటి ధారగా రాగి మోల్డ్ ట్యూబ్‌లోకి పడుతుంది. ట్యూబ్ గోడ మందం ఒక సెంటీమీటరు పైచిలుకు. దాని చుట్టూ స్టీల్ జాకెట్. రెంటి మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు. ఆ సందులో నీళ్లు సెకనుకు 8–10 మీటర్ల వేగంతో పరుగెడుతుంటాయి. లోపల 1500 డిగ్రీలు దాటిన ఉక్కు, బయట నలభై డిగ్రీల లోపు నీళ్లు, మధ్యలో ఆ రాగి గోడ ఒక్కటే. మోల్డ్‌లో ఉన్న ఆ కొద్ది సెకన్లలోనే ఉక్కు చుట్టూ గట్టి పెంకు కట్టాలి. పెంకు పల్చబడి చిల్లు పడితే లోపలి ద్రవం బయటికి దూకుతుంది. అదే బ్రేక్‌అవుట్. పెంకు నాలుగు వైపులా సమానంగా కట్టకపోతే చదరంగా రావాల్సిన బిల్లెట్ వాలిపోయి గాలిపటం ఆకారంలో వస్తుంది. దీన్ని ప్లాంటులో అందరూ డైమండ్ అంటారు.

నన్ను పిలిచేనాటికి

మే రెండో వారం. ఎండ 43 దగ్గర ఉంది. ఫిబ్రవరి దాకా వంద బిల్లెట్లకు రెండు డైమండ్ వచ్చేవి, ఏప్రిల్‌లో పదకొండు. నెలకు మూడో నాలుగో ఉండే బ్రేక్‌అవుట్లు ఏప్రిల్‌లో పందొమ్మిది. 350 హీట్లు రావాల్సిన మోల్డ్ ట్యూబ్‌ను 120కే మార్చేస్తున్నారు. డైమండ్ బిల్లెట్ మిల్లు మొదటి స్టాండులో నిలబడదు. పక్కకు తిరగబడుతుంది, ముక్క ఎగిరి పక్కన పడుతుంది, లైన్ ఆగుతుంది. నేను వెళ్లే ముందు వారం ఒక బ్రేక్‌అవుట్‌లో స్ట్రాండ్ ఆపరేటర్ ఏప్రాన్ కాలింది. మనిషికి ఏమీ కాలేదు. ప్లాంటు హెడ్ నన్ను పిలిచింది ఆ రాత్రే.

ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కారణం సిద్ధంగా ఉంది. మెల్టింగ్ ఇన్‌ఛార్జి దృష్టిలో స్క్రాప్‌తో సల్ఫర్ పెరిగింది, అందుకని దాన్ని కట్టడి చేసే సిలికో మాంగనీస్ ఎక్కువ వేయిస్తున్నాడు. కాస్టర్ ఫోర్‌మన్ దృష్టిలో ఫర్నేస్ వాళ్లు ఉక్కును మరీ వేడిగా పంపుతున్నారు. వైజాగ్ వైపు పెద్ద ప్లాంట్లలో పనిచేసి వచ్చిన ఒక సీనియర్ మాత్రం ఆపరేటర్లు ఆవనూనె సరిగ్గా వదలడం లేదన్నాడు (ఓపెన్ కాస్టింగ్‌లో మోల్డ్ గోడకు ఉక్కు అంటకుండా జారడానికి ఆ నూనే వాడతారు). యాజమాన్యానికి మాత్రం ఎండాకాలం మీద అనుమానం. నీళ్లు వేడెక్కాయని కూలింగ్ టవర్‌కు ఇంకో ఫ్యాన్ బిగించారు. మోల్డ్‌లోకి వెళ్లే నీళ్లు 38 నుంచి 35 డిగ్రీలకు దిగాయి. డైమండ్లు దిగలేదు.

నా మొదటి అంచనాలు

నేను రెండు నెలల హీట్ రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాను. ముందు కార్బన్ చూశాను. 0.10 నుంచి 0.14 శాతం మధ్య ఉంటే ఉక్కు గట్టిపడేటప్పుడు ఎక్కువగా ముడుచుకుని పెంకు ఎగుడుదిగుడుగా కడుతుంది, బ్రేక్‌అవుట్లు పెరుగుతాయి. కానీ ఇక్కడి హీట్లు దాదాపు అన్నీ 0.18కి పైనే. సల్ఫర్, మాంగనీస్ నిష్పత్తి చూశాను. చెడిన హీట్లకూ, బాగున్న హీట్లకూ తేడా లేదు. అంటే సిలికో మాంగనీస్‌కు పెట్టిన డబ్బంతా వృథా. షిఫ్టుల వారీగా, ఆపరేటర్ల వారీగా చూసినా పట్టుకోదగ్గ తేడా లేదు. ఆవనూనె వాదన అక్కడితో పోయింది.

టెంపరేచర్ విషయంలో ఫోర్‌మన్ మాటలో కొంత నిజం ఉంది. టండిష్‌లో 1550 చాలు, వీళ్లు 1570 దాకా పోతున్నారు. ఫర్నేస్‌లో ఇరవై డిగ్రీలు తగ్గించమన్నాను. రెండో రోజే టండిష్ నాజిల్ మూసుకుపోయింది, ఒక స్ట్రాండ్ పోయింది. ల్యాడిల్ సరిగ్గా వేడి చేయకుండా ఉక్కు టెంపరేచర్ తగ్గించమనడం నా తొందర. వెనక్కి తీసుకున్నాను.

తర్వాత మోల్డ్ కింద ఉండే స్ప్రే నాజిళ్లు విప్పించాను. నలభైలో తొమ్మిది మట్టితో మూసుకుపోయి ఉన్నాయి. ఒక వైపు స్ప్రే పడి మరో వైపు పడకపోతే బిల్లెట్ వాలడం ఖాయం, పుస్తకాల్లో ఉన్న కారణం ఇదే. దొరికింది అనుకున్నాను. ఎనిమిది గంటలు మెషిన్ ఆపి నాజిళ్లన్నీ మార్పించాను. ఆగింది ఎలాగూ ఆగింది కదా అని రెండు స్ట్రాండ్లకూ కొత్త మోల్డ్ ట్యూబులు కూడా వేయించాను.

మూడు రోజులు ఒక్క బ్రేక్‌అవుట్ లేదు. డైమండ్లు వందకు ఒకటి. ప్లాంటు హెడ్‌కు మెయిల్ రాశాను: కారణం స్ప్రే నాజిళ్లు, సమస్య తీరింది. ఆ మెయిల్ ఇప్పటికీ నా దగ్గర ఉంది, అప్పుడప్పుడు తీసి చదువుకుంటాను. ఐదో రోజు రాత్రి ఒక్క షిఫ్టులో రెండు బ్రేక్‌అవుట్లు. నాజిళ్లు విప్పి చూస్తే అద్దంలా ఉన్నాయి.

స్క్రాప్ యార్డులో

ఒకేసారి రెండు మార్చాను, మంచి పేరు మాత్రం ఒకదానికే ఇచ్చాను. తప్పు అక్కడ జరిగింది. నాజిళ్లు అలాగే ఉన్నా జబ్బు తిరగబెట్టిందంటే, మూడు రోజులు కాపాడింది ట్యూబులే అయ్యుండాలి.

మళ్లీ రిజిస్టర్ తీశాను. ఈసారి ప్రతి చెడ్డ బిల్లెట్ పక్కన, ట్యూబ్ మార్చాక అది ఎన్నో హీటో రాసుకుంటూ పోయాను. మొదటి యాభై హీట్లలో దాదాపు సున్నా. డెబ్భై దాటాక మెట్లెక్కినట్టు పెరుగుతోంది. రెండు నెలల నుంచీ ఆ కాగితాల్లోనే ఉంది ఈ సంగతి. కార్బన్, టెంపరేచర్, షిఫ్టు అన్నీ చూసిన నేను ట్యూబ్ వయసు చూడలేదు. పాత ట్యూబ్ అరిగిపోవడం మామూలే కదా అనుకున్నాను. అరగడం మామూలే, కానీ డెబ్భై హీట్లకు కాదు.

ట్యూబులను వాళ్లు కొలవకుండా ఏమీ లేరు. తీసిన ప్రతి ట్యూబ్‌నూ లోపలివైపు టేపర్ గేజ్‌తో కొలిచి రాశారు. బయటివైపు, అంటే నీళ్లు తగిలే వైపు చూసినవాళ్లు లేరు. తీసినవి ఎక్కడున్నాయని అడిగితే స్క్రాప్ యార్డు చూపించారు. మధ్యాహ్నం రెండు గంటల ఎండలో పద్నాలుగు ట్యూబులు పడున్నాయి. నీళ్లవైపు రాగి మామూలుగా మట్టిరంగు గోధుమ వన్నెలో ఉంటుంది. వీటికి పై భాగంలో, ఉక్కు మట్టం నిలిచే చోట, సున్నం కొట్టినట్టు తెల్లటి పూత. అది కూడా నాలుగు ముఖాలకూ సమానంగా లేదు. రెండు ముఖాల మీద మందంగా, మిగతా రెంటి మీద మచ్చలుగా. గోటితో గీకితే పొట్టులా లేచింది. ల్యాబ్ నుంచి పల్చటి యాసిడ్ తెప్పించి ఒక చుక్క వేస్తే బుసబుసా పొంగింది. కాల్షియం కార్బొనేట్. మన ఇళ్లలో గీజర్ కాయిల్‌కు పట్టేదే.

ఆ పూత పదో వంతు మిల్లీమీటరు ఉన్నా చాలు. వేడిని అది అడ్డుకునే తీరు రెండు సెంటీమీటర్ల రాగితో సమానం. లెక్కవేస్తే ఆ చోట రాగి వంద డిగ్రీలకు పైగా అదనంగా వేడెక్కుతుంది, మెత్తబడుతుంది, వంగుతుంది. ముఖానికో రకంగా వంగితే పెంకు ముఖానికో రకంగా కడుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో బ్రిమకోంబ్, ఇందిరా సమరశేఖర 1980ల్లోనే ఈ సంగతి తేల్చారు: మోల్డ్ నీళ్ల సందులో ఒక్కో ముఖం మీద ఒక్కో సమయంలో నీళ్లు మరిగి ఆగుతుంటే బిల్లెట్ డైమండ్ అవుతుంది. ఆ పని గురించి నేను చదివే ఉన్నాను. అయినా నీళ్ల వైపు వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదంటే మీటర్లన్నీ బాగున్నాయి. నీళ్ల ప్రెజర్ సరే, ఫ్లో సరే. లోపలికి వెళ్లే నీళ్లకూ బయటికొచ్చే నీళ్లకూ తేడా ఏడు డిగ్రీలు, అదీ సరే. తర్వాత కాగితం మీద వేసి చూస్తే అర్థమైంది. 1500 నుంచి నలభై దాకా దిగే దారిలో ఈ పూత తినేది వంద చిల్లర డిగ్రీలే. మొత్తం వేడిలో పదో వంతు కూడా తగ్గదు. ఏడు డిగ్రీల తేడా ఆరున్నర అవుతుంది. ఆ అర డిగ్రీ ఎవరి కంటికి ఆనుతుంది? రాగి ఉడికిపోతున్నా మీటరుకు తెలియదు.

సాఫ్ట్‌నర్ దగ్గర

అయితే ఈ నీళ్లు, కాల్షియం, మెగ్నీషియంను రెసిన్ గుళికలతో పట్టేసే సాఫ్ట్‌నర్ గుండా వస్తున్నాయి కదా? రిజిస్టర్ చూశాను. రోజుకు రెండుసార్లు, ఉదయం, రాత్రి ఎనిమిదికల్లా అయిపోయేలా రీజనరేషన్, అంటే రెసిన్‌ను ఉప్పునీళ్లతో కడిగి మళ్లీ పనికి సిద్ధం చేయడం. ఆరు నెలల్లో ఒక్క టిక్కు కూడా తప్పిపోలేదు. బయటికొచ్చే నీళ్ల హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం పాళ్లు) ప్రతిరోజూ సున్నా.

సాఫ్ట్‌నర్ చూసే పెద్దాయనది పక్క ఊరే. "కాకా, ఈ శాంపిల్ ఎప్పుడు తీస్తరు?" అని అడిగాను.

"పొద్దుగాల ఎనిమిదిన్నరకు సార్, రీజనరేషన్ అయినంక. ఎప్పుడు జూసినా నీలం రంగే అస్తది."

టెస్టులో నీలం అంటే హార్డ్‌నెస్ లేదని. ఆయన తప్పేమీ లేదు. ఎవరో అలా చెప్పారు, అలాగే చేస్తున్నాడు. తలంటుకుని వచ్చినవాడి ఒంటి మీద మట్టి వెతికినట్టుంది ఆ టెస్టు.

"కొత్త బోరు నీళ్లు ఎప్పటి సంది అస్తున్నయి?" అన్నాను, యార్డులో కొత్త పైపు చూసి.

"శివరాత్రి అయినంక. మంచి నీళ్లే సార్, తాగొచ్చంటున్నరు. గానీ కోటర్సుల బట్టలుతికితే సబ్బు నురుగు అస్తలేదని ఆడోళ్లు లొల్లి బెడుతున్నరు. క్యాంటీన్ల పప్పు ఉడుకుతలేదంట."

ఆ రోజు ఇద్దరం అక్కడే కూర్చున్నాం. తొమ్మిదికి శాంపిల్ నీలం. పదకొండుకూ నీలమే. ఒంటిగంటకు తీసిన నీళ్లలో ఇండికేటర్ వేయగానే ద్రాక్షరసం రంగు వచ్చింది. కిట్‌లో ఒక్కో చుక్కకు లీటరుకు 10 మిల్లీగ్రాముల హార్డ్‌నెస్. ల్యాబ్ కుర్రాడు చుక్కలు వేస్తూ పోయాడు. ఇరవై దాటాక నావైపు చూశాడు. యాభై దాటాక గానీ మళ్లీ నీలానికి తిరగలేదు. బోరు నీళ్లు ఎలా ఉన్నాయో అలాగే సాఫ్ట్‌నర్ దాటి పోతున్నాయన్న మాట.

లెక్క సులువే. పాత బోర్ల హార్డ్‌నెస్ 180. దానికి తగ్గట్టు సాఫ్ట్‌నర్ ఒకసారి కడిగితే 60 వేల లీటర్లు ఇస్తుంది. గంటకు 5 వేలు వాడకం, కాబట్టి పన్నెండు గంటలు. కొత్త బోరు హార్డ్‌నెస్ 520. అదే రెసిన్ ఇప్పుడు 20 వేల లీటర్లకే, అంటే నాలుగు గంటలకే అయిపోతుంది. మిగతా ఎనిమిది గంటలు గట్టి నీళ్లు. దాని మీద కూలింగ్ టవర్ నీటిని ఆవిరి చేస్తూ మూడింతలు చిక్కబరుస్తోంది. మోల్డ్ ట్యాంకులో తీసిన శాంపిల్ 900 దాటింది. అంతా ఒకే ట్యాంకులో కలుస్తుంది కాబట్టి షిఫ్టుల వారీగా తేడా కనబడలేదు. నేను ఆ లెక్కలు వేసి లాభం లేకపోయింది అందుకే.

బోరు రిపోర్టు తెప్పించాను. ఇక్కడ నల్గొండ నీళ్ల గురించి ఒక మాట. ఈ జిల్లాలో నీళ్లనగానే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడ్. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి దేశమంతటా ఈ జిల్లా పేరే ఉంది. పాత బోర్లలో ఫ్లోరైడ్ లీటరుకు 2.6 మిల్లీగ్రాములు ఉండేది, తాగడానికి క్యాన్లు కొనేవారు. తొమ్మిది వందల అడుగుల కొత్త బోరులో 0.8. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1.0 లోపు ఉంటే మంచిది, 1.5 గరిష్ఠం. అందరూ సంబరపడ్డారు. అదే రిపోర్టులో కింద హార్డ్‌నెస్ 520 అని ఉంది. వేరే దారి లేకపోతే 600 దాకా తాగొచ్చని ప్రమాణం చెబుతుంది, కాబట్టి దాని పక్కనా ఓకే అని ఉంది. రిపోర్టులో అబద్ధం ఏమీ లేదు. అది మనిషి గొంతుకు రాసిన రిపోర్టు, రాగి మోల్డ్‌కు రాసింది కాదు. మోల్డ్ నీళ్లకు నేను పది కూడా ఒప్పుకోను.

ఫ్లోరైడ్ తక్కువ, హార్డ్‌నెస్ ఎక్కువ అనేది కాకతాళీయం కూడా కాదు. నీళ్లలో కాల్షియం ఎక్కువ ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా గట్టిపడి దిగిపోతుంది. అందుకే ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో చాలావాటికి కాల్షియం తక్కువ. ఇన్నేళ్లూ ఆ ప్లాంటు మోల్డులను కాపాడింది, జనం తాగలేకపోయిన ఆ చెడ్డ నీళ్లే.

ఏం చేశాం

యాజమాన్యం వెంటనే ఆర్‌ఓ ప్లాంటు పెడదామంది. నేను వద్దన్నాను. మే నెలలో బోర్లు ఎండిపోతున్న చోట వచ్చిన నీళ్లలో మూడో వంతు వదిలేసే మెషిన్ తెచ్చుకుంటే రేపటి గొడవ ఇంకొకటి. మనకు కావలసింది కాల్షియం, మెగ్నీషియం పోవడం, మొత్తం లవణాలు పోవడం కాదు.

ముందు సాఫ్ట్‌నర్‌ను నాలుగు గంటలకోసారి కడగమన్నాం. అది పనిచేయలేదు. ఒక్కసారి కడగడానికి గంటంబావు పడుతుంది, ఆలోపు ట్యాంకు మట్టం పడిపోతోంది. రెండు రాత్రులు ట్యాంకర్లతో నెట్టుకొచ్చాం. అప్పుడు రెండో వెసెల్ పెట్టించాం, ఒకటి కడుగుతుంటే ఇంకొకటి నడిచేలా. గడియారం పక్కన పెట్టి సాఫ్ట్‌నర్ మీద నీటి మీటర్ పెట్టాం. ఇప్పుడు 18 వేల లీటర్లు దాటితే కడగాలి, టైమ్ ఎంతైనా సరే. కొత్త బోరు నీళ్లను వీలైనంత వరకు దుమ్ము మీద చల్లడానికి, స్లాగ్ చల్లార్చడానికి మళ్లించాం. మోల్డ్ ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి మెత్తటి నీళ్లతో నింపాం, జాకెట్లు యాసిడ్‌తో కడిగి కొత్త ట్యూబులు వేశాం. ఈసారి స్ప్రే నాజిళ్ల జోలికి, టెంపరేచర్ జోలికి వెళ్లలేదు, కావాలనే.

జూన్‌లో ట్యూబులు 300 హీట్లు దాటాయి. డైమండ్లు వందకు రెండు. అందరూ చేతులు కలిపారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. అప్పటికే వానలు మొదలయ్యాయి, పాత బోర్లలో నీళ్లొచ్చాయి, ఎండ తగ్గింది. పాత మెయిల్ గుర్తుంది కాబట్టి ఈసారి ఏమీ రాయకుండా ఊరుకున్నాను. మరుసటి ఏప్రిల్‌లో బోరు హార్డ్‌నెస్ 560కి ఎక్కింది, ఎండ ముందటేడు లాగానే కాసింది. ఆ నెలలో బ్రేక్‌అవుట్లు మూడు. డైమండ్లు వందకు మూడు లోపే. అప్పుడు రిపోర్టు మూసేశాను.

తర్వాత నేను మార్చుకున్నవి

ఏ కాస్టర్‌కు పిలిచినా ఇప్పుడు మొదట కంట్రోల్ రూమ్‌కు కాదు, స్క్రాప్ యార్డుకు వెళతాను. తీసేసిన ట్యూబ్ నీళ్లవైపు చూడకుండా ఎవరి కారణమూ వినను. రిజిస్టర్‌లో సున్నా కనబడితే శాంపిల్ ఏ టైమ్‌కు తీశారని అడుగుతాను. క్యాంటీన్‌లో పప్పు ఎలా ఉడుకుతోందని కూడా అడుగుతాను. జనం నవ్వుతారు, నవ్వనీ. మెషిన్ ఆపినప్పుడు ఎలాగూ ఆగింది కదా అని రెండో పని చేయించే అలవాటు మాత్రం కష్టం మీద మానుకున్నాను. ఉత్పత్తి ఒత్తిడిలో అది ఎవరికైనా కష్టమే.

ఒక విషయం తెగలేదు. రీజనరేషన్లు పెరిగాయి కాబట్టి ఉప్పు వాడకం మూడింతలైంది, ఆ ఉప్పునీళ్లు ఎక్కడో వదలాలి. ప్లాస్టిక్ షీటు పరిచిన మడిలో ఎండబెట్టే ఏర్పాటు చేశాం. జూలైలో ఒక రాత్రి పెద్ద వాన కురిసి మడి పొర్లింది, గోడ అవతల పొలంలో పత్తి మొక్కలు అంచు వెంట మాడాయి. ప్లాంటు నష్టపరిహారం ఇచ్చింది, గట్టు రెండు అడుగులు లేపింది. ఆ రైతు మాత్రం వాన పడ్డ ప్రతిసారీ గోడ దగ్గరికి వచ్చి మడి ఎంత నిండిందో చూసి వెళుతున్నాడని కాకా చెప్పాడు.